భోషాణం మీద నల్లటి పొర

2023 నవంబరు 16

పాత చెక్క సామాను నల్లబడితే మన ఊళ్లలో దానికి రెండే గతులు. పొయ్యిలోకి పోవడం ఒకటి. పాలిష్ షాపుకి పోయి, మిషను కింద పైపొరంతా పోగొట్టుకుని, నిన్న కొన్నట్టు మెరుస్తూ తిరిగి రావడం రెండోది. మూడో దారి కూడా ఉంది. నెమ్మదైన దారి, ఖర్చు తక్కువ, ఓపికుంటే ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు. మామయ్యగారి మండువా ఇల్లు ఖాళీ అయ్యాక అక్కడి సామాను కొంత మా వెనక వసారాలోకి చేరింది: భోషాణం, పడక కుర్చీ, సొరుగుల రాతబల్ల, దేవుడి గది పీట. కోనసీమ ఇంట్లో తరాల తరబడి పనిచేసిన వస్తువులు. ఈ శీతాకాలం వీటితోనే గడపాలని ఉంది.

నవంబరు 17

అన్నీ నల్లగానే ఉన్నాయి కానీ ఒక్కో నలుపు ఒక్కో రకం. భోషాణం వంటింటి గోడని ఆనుకుని ఉండేది. దాని మీద ఉన్నది కట్టెల పొయ్యి మసి, ఆ మసిని పట్టి ఉంచిన తాలింపు నూనె ఆవిరి. మూత ముందంచు మీద మాత్రం చేతి చెమట. పడక కుర్చీకి తల ఆనే చోట తాతల నాటి కొబ్బరి నూనె. పీట మీద పసుపు, కుంకుమ, నెయ్యి. రాతబల్ల మీద సిరా. వీటన్నిటి అడుగున అసలు పాలిష్ ఉంది, అది తనంతట తానే ముదిరి ఎర్రబారింది. పైవి పోవాలి, అడుగుది ఉండాలి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో కనిపెట్టడమే అసలు పని.

నవంబరు 18

ముందు ఏ పాలిష్షో తేలాలి. భోషాణం అడుగున, ఎవరికీ కనిపించని మూల, చీపురుపుల్లకి దూది చుట్టి స్పిరిట్‌లో ముంచి అద్దాను. కాసేపటికే దూది జిగటగా అంటుకుని గోధుమరంగుకి తిరిగింది. లక్క పాలిష్. నూనె వార్నిష్ అయితే స్పిరిట్‌కి ఇంత తొందరగా లొంగదు. ఇప్పటి పాలీయురేథేన్ అయితే అసలు చలించదు.

మోదుగ, రేగు, పుసుగు కొమ్మలకి అంటుకుని రసం పీల్చే చిన్న పురుగులు తమ చుట్టూ కట్టుకునే గూడు లక్క. కొమ్మల నుంచి గీకి, కడిగి, కరిగించి, వడగట్టి, పల్చటి రేకులుగా సాగదీస్తారు. ఏటికొప్పాక బొమ్మల మీద రంగుని పట్టి ఉంచేదీ ఈ లక్కే. దీని మీద పరిశోధనకే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లో ఒక సంస్థ పెట్టారు. దీని గొప్పతనం ఒక్కటే చెప్పమంటే ఇది చెబుతాను: ఎన్నో ఏళ్ల తర్వాత కూడా స్పిరిట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. కొత్త పూత వేస్తే పాత పూతలో కలిసిపోతుంది, మధ్యలో అతుకు కనిపించదు. అలాంటప్పుడు గీకేయడం ఎందుకు? ఆనాటి పనివాళ్లు తర్వాత వచ్చేవాళ్లు బాగుచేసుకోవడానికి వీలుగానే పని ముగించారు. మనం చేసేదీ అలాగే ఉండాలి, మన తర్వాతివాళ్లు విప్పుకోగలిగేలా.

నవంబరు 20

"మిషను పెట్టేద్దామండి, ఒక్క పూటలో తెల్లగా వచ్చేస్తాది" అన్నారు పాలిష్ మేస్త్రి.

"వద్దండి మేస్త్రిగారూ. పైన ఉన్న రంగు పోకూడదు."

ఆయన మూత ఎత్తి, లోపలి వైపు గోటితో కాస్త గీరి వాసన చూశారు. "బర్మా టేకండి ఇది. చేవ తప్ప తెల్ల చెక్క పెట్టలేదు ఎక్కడా. దీనికి మిషనెందుకులెండి" అని తనే అన్నారు. పాలిష్ వేసే రోజున వస్తానని, అందాకా తుడుపు పని నన్నే చేసుకోమని చెప్పి వెళ్లారు.

ఆ టేకు ఈ తీరానికి రావడం చిన్న సంగతి కాదు. అక్కడి అడవుల్లో చెట్టు నిలబడి ఉండగానే మొదలు చుట్టూ లోతుగా గాటు పెట్టి, ఎండడానికి మూడేళ్ల దాకా అలా వదిలేసేవారు. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది, ఎండాకే తేలుతుంది. కొట్టిన దుంగల్ని ఏనుగులు వాగు దాకా లాగేవి. వానాకాలపు నీటికి అవి ఏటిలోకి, ఏటి నుంచి రంగూన్ రేవుకి చేరేవి. అదే రంగూన్‌కి కాకినాడ, కోరంగి వైపు నుంచి మనవాళ్లు ఓడలెక్కి కూలికి వెళ్లేవారు. కోరంగి పేరు మీదే వాళ్లని అక్కడ కోరంగీలని పిలిచేవారు. రేవుల్లో బరువులు మోసినవాళ్లలో, మిల్లుల్లో పనిచేసినవాళ్లలో తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక ఎంతోమంది అడవుల వెంట నడిచి తిరిగొచ్చారు, కొందరు దారిలోనే పోయారు. ఈ చెక్కని పొయ్యిలో పెట్టమనేవాళ్లకి ఆ కూలీల సంగతి చెప్పాలనిపిస్తుంది.

నవంబరు 22

కుంకుడుకాయలతో మొదలుపెట్టాను. బట్టల సబ్బు, గిన్నెల పొడి క్షారం ఉన్నవి. లక్క నీటికి ఓర్చుకుంటుంది కానీ క్షారం తగిలితే మెత్తబడిపోతుంది. కుంకుడు నురుగులో క్షారం లేదు, కొద్దిగా పులుపు వైపే ఉంటుంది. పట్టుచీరలకి పెద్దవాళ్లు దాన్నే నమ్ముకోవడం ఊరికే కాదు.

గుప్పెడు కాయలు కొట్టి, గింజలు తీసేసి, రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి పల్చటి గుడ్డలో వడగట్టాలి. వాడేది రసం కాదు, నురుగు. గిలక్కొట్టి పైన తేలిన నురుగుని పాత పంచె ముక్క మీదకి తీసుకుని, అరచెయ్యంత జాగా మాత్రమే మెత్తగా రుద్దాలి. వెంటనే మంచినీళ్లలో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి. తడి చెక్క మీద నిలవకూడదు, అతుకుల్లోకి అసలు దిగకూడదు. గుడ్డ నల్లగా వస్తున్నంతసేపూ పోయేది మురికి. నలుపు తగ్గి గోధుమ ఛాయ మొదలైందంటే పాలిష్ కదులుతోందని. అక్కడ చెయ్యి ఆపాలి. ఈ ఆపడమే కష్టం. తేటపడిన జాగా చూస్తే ఇంకాస్త, ఇంకాస్త అని చెయ్యి లాగుతుంది.

ముందు పలక మీద తామరపువ్వు చెక్కి ఉంది. రేకుల సందుల్లోకి వెదురు పుల్ల చివర దూది చుట్టి పంపాను. ఇనుప పీచు జోలికి పోలేదు. సందుల అట్టడుగున ఉన్న నలుపు కొంచెం అలాగే వదిలేశాను. అదీ తీసేస్తే చెక్కడంలో లోతు కనిపించదు, పువ్వు చదునైపోతుంది.

మధ్యాహ్నానికి జానెడు వెడల్పు తేలింది. తేనె రంగు, అందులో సన్నటి నల్ల చారలు. ఇంట్లోవాళ్లందరినీ పిలిచి చూపించాను.

నవంబరు 23

మ్యూజియంలలో వస్తువుల్ని శుభ్రం చేసేవాళ్లు చిన్న చిన్న చోట్ల దూదికి ఉమ్మి తడి చేసి తుడుస్తారు. తరతరాల అలవాటు అది. పోర్చుగల్ పరిశోధకులు దాన్ని పరీక్షించి 1990లో ఒక పత్రం ప్రచురించారు. ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైము మురికిని విడదీస్తోందని తేల్చారు. 2018లో ఆ పనికి ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. శాస్త్రం ఒప్పుకున్నా, ఎంగిలి అనేది మన ఇళ్లలో వేరే సంగతి. దేవుడి గది పీట మీద నేను ఆ పని చేయను. కుంకుడు నురుగు చాలు.

నవంబరు 25

పీట. దీని మీద పాలిష్ లేదు, వట్టి చెక్క. నెయ్యి జిడ్డుకి టర్పెంటైన్ తడి గుడ్డ సరిపోయింది. పసుపు మాత్రం వేరే పద్ధతి అడుగుతుంది. సబ్బు పెడితే ఎర్రగా మారిపోతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయ్యేది కూడా ఈ గుణం వల్లే, క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. నీటికి పోదు. దాన్ని పోగొట్టేది ఎండ. పసుపు మరక పడిన చీరని అమ్మలు ఎండలో ఆరేసేది అందుకే కదా. పొద్దుటి లేత ఎండలో కాసేపు పెట్టి తీసేస్తున్నాను. నడి ఎండలో వదిలేస్తే పలక వంగిపోతుంది.

నవంబరు 28

పడక కుర్చీ చేతులు పొడుగ్గా ముందుకు సాగి ఉంటాయి, కాళ్లు చాపుకోవడానికి. తల ఆనే కర్ర మీద జిడ్డు గోటితో గీస్తే గాడి పడేంత మందం. ఇక్కడ కుంకుడు చాలదు. టర్పెంటైన్ నూనెనీ మైనాన్నీ కరిగిస్తుంది, లక్కని కదపదు. దాంతోనే పొరలు పొరలుగా తీశాను.

పేము అల్లిక జారి గోతిలా ఉంది కానీ ఎక్కడా తెగలేదు. కుర్చీని బోర్లించి, అల్లిక అడుగువైపు వేడినీళ్ల గుడ్డ పరిచి బాగా నాననిచ్చి, నీడలో ఆరబెట్టాను. ఆరుతూ ఆరుతూ బిగుసుకుంది. కొత్త అల్లికకి డబ్బు పోసే ముందు ఇది చేసి చూడాలి.

డిసెంబరు 1

రాతబల్ల అడుగు సొరుగులో పరిచిన కాగితం ఆంధ్రపత్రిక. చెక్కకి అంటుకుపోయింది, పెళుసుబారింది. పై సొరుగు తెరిస్తే ఇప్పటికీ అమృతాంజనం వాసన. రెండూ కాశీనాథుని నాగేశ్వరరావుగారు మొదలుపెట్టినవే: అమృతాంజనం 1893లో, ఆంధ్రపత్రిక 1908లో, రెండూ బొంబాయిలోనే. మందు సంపాదించిన డబ్బు పత్రికని నిలబెట్టింది. అవి రెండూ ఒకే బల్లలో మిగిలి ఉండటం నాకెంతో సంతోషం కలిగించింది.

కాగితం ఊడదీయను. మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి మూసేశాను. సిరా మరకలూ అంతే. ఎవరో ఆ బల్ల మీద లెక్కలు రాశారు, ఉత్తరాలు రాశారు. అది మురికి కాదు.

డిసెంబరు 4

తుపాను హెచ్చరిక. సామానంతా లోపలి గదిలోకి లాగాం. ఇంకో నాలుగు రోజులు పాలిష్ మాటెత్తకూడదు. గాలిలో తేమ ఉండగా స్పిరిట్ ఆవిరైతే పూత చల్లబడి తేమని పట్టుకుంటుంది, పైన పాలపొర కడుతుంది. వేడి గ్లాసు పెడితే బల్ల మీద పడే తెల్లటి వలయం కూడా దాదాపు ఇలాంటిదే.

డిసెంబరు 5

మిచౌంగ్ తుపాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడ ఒకటే వాన. కరెంటు లేదు. పొలాల్లో వరి పనల గురించే అందరి దిగులూ.

డిసెంబరు 7

భోషాణం కాళ్ల మీద, నేలకి మూరెడు ఎత్తున, నాలుగు వైపులా ఒకే మట్టానికి బూడిదరంగు గీత ఉంది. 1986 ఆగస్టు గోదావరి వరద. ఆ రాత్రి విత్తనాల బస్తాలు, దస్తావేజులు భోషాణం మీదకెక్కించి, పిల్లల్ని అటక మీద కూర్చోబెట్టారని అత్తయ్య చెప్పేది. కింది అతుకుల సందుల్లో ఇప్పటికీ మెత్తటి ఒండ్రు ఉంది. ఒండ్రు తీశాను, అది తేమని దాచి చెక్కని తింటుంది కాబట్టి. గీత ఉంచేశాను.

డిసెంబరు 10

ఇత్తడి పట్టీలు. చింతపండు పెట్టి తోమేయమని పక్కింటి పిన్నిగారి సలహా. విడిగా ఉన్న బిందెకైతే సరే. చెక్కకి కొట్టి ఉన్న పట్టీకి వద్దు. పులుపు పట్టీ కిందకి దిగితే తీయడం కుదరదు, లోపల మేకులు ఇనుపవి అయితే తుప్పు పట్టి చుట్టూ చెక్క నల్లబడుతుంది. ఇనుము, తడి, చెక్కలోని వగరు కలిస్తే దాదాపు సిరా తయారైనట్టే. అలాంటి నల్ల మచ్చలకి ఆక్జాలిక్ ఆమ్లం పనిచేస్తుంది. అది విషం, చేతి తొడుగుల్లేకుండా ముట్టుకోకూడదు, పిల్లలున్న ఇంట్లో సీసా అటక ఎక్కాలి. నేను పట్టీల్ని పొడి గుడ్డతో తోమి ఊరుకున్నాను. బంగారంలా మెరవక్కర్లేదు.

డిసెంబరు 13

రాతబల్ల వెనక పలకలో గుండుసూది తలంత రంధ్రాలు. పుచ్చు. ఆ పలక ఒక్కటే తెల్ల చెక్క, చేవ కాదు. టేకు చేవలో పురుగుకి సరిపడని పదార్థాలుంటాయి, తెల్ల చెక్కలో ఉండవు. పురుగు ఇంకా ఉందా, ఎప్పుడో పోయిందా అన్నది తెలియాలి. బల్ల కింద నల్ల కాగితం పరిచాను. పిండిలాంటి పొట్టు రాలితే ఉన్నట్టు.

డిసెంబరు 17

కాగితం మీద ఏమీ రాలలేదు. పాత రంధ్రాలే. మైనంతో పూడిస్తే చాలు. రాలి ఉంటే బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లు వట్టి చెక్క వైపు నుంచి పట్టించాల్సి వచ్చేది.

ధనుర్మాసం మొదలు. వీధిలో పిల్లలు భోగి పిడకలకి పేడ పోగుచేస్తున్నారు.

డిసెంబరు 19

బంధువులింట్లో ఒక బల్ల చూసి వచ్చాను. పట్నంలో ఒక షాపు చేసిచ్చింది. ఇరుగుడు చెక్క, ఎర్రటి నలుపులో ఊదా చారలుండే చెక్క. మిషనుతో అరగదీసి, అంచుల్లోని సన్నటి గాడులు చదునైపోయేదాకా పోనిచ్చి, పైన ప్లాస్టిక్‌లాంటి పూత కొట్టారు. వాళ్లు ముచ్చటపడి చూపిస్తుంటే ఏమీ అనలేకపోయాను. ఇక్కడ రాసుకుంటున్నాను: అది బాగుచేయడం కాదు. ఆ పూత పదేళ్లకి పొరలు లేచిన రోజున మళ్లీ అరగదీయడం తప్ప దారి లేదు. ఎన్నిసార్లు అరగదీస్తే ఆ పలక మిగులుతుంది? ఇరుగుడు ఇప్పుడు అంతర్జాతీయంగా రక్షణ జాబితాలో ఉన్న చెట్టు. పాతది పోతే అలాంటి పలక మళ్లీ దొరకడం కష్టం.

డిసెంబరు 21

కుర్చీ వెనక కాలు అతుకు వదులైంది. పాతకాలంలో పశువుల తోలు, ఎముకలు ఉడికించి తీసిన బంక వాడేవారు. వేడినీటి ఆవిరి చూపిస్తే మెత్తబడి అతుకు విడిపోతుంది, శుభ్రం చేసి మళ్లీ అదే బంకతో అతికించుకోవచ్చు. ఇప్పటి తెల్ల జిగురు ఒకసారి ఆరాక అంత సులువుగా వదలదు, విప్పబోతే చెక్కే చీలుతుంది. మేస్త్రిగారి దగ్గర పాత బంక పలుకులు కొద్దిగా ఉన్నాయి. వెదురు మేకు కూడా ఆయనే చెక్కి దిగగొట్టారు. ఇనుప మేకు అడగనందుకు నన్ను మెచ్చుకున్నారు.

డిసెంబరు 24, హైదరాబాద్

సాలార్‌జంగ్ మ్యూజియం. ఒకే చెక్కలో చెక్కిన బొమ్మ: ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా. వెనకవైపు కనిపించడానికి అద్దం పెట్టారు. సామాన్యంగా చెక్క వస్తువుని గోడకి ఆనించేస్తాం, వెనకవైపు ఎవరూ చూడరు. నాకు వెనకవైపే పాఠం. ఎండ, చెయ్యి, పొగ తక్కువగా తగిలిన చోటు అదే, అసలు రంగు అక్కడే తెలుస్తుంది.

డిసెంబరు 29

పొడి గాలి, మంచి ఎండ. మేస్త్రిగారు పొద్దున్నే వచ్చారు. లీటరు స్పిరిట్‌కి నూట యాభై గ్రాముల లెక్కన లక్క రేకులు ముందు రోజే నానబెట్టి ఉంచాను. ఎప్పుడో కలిపి దాచిన సీసా వాడకూడదు, నెలలు గడిచిన లక్క సరిగా ఆరదు, జిగురు జిగురుగా ఉండిపోతుంది. దేవుడి దీపం, వంటింటి పొయ్యి రెండూ కొండెక్కాకే స్పిరిట్ మూత తీశాం.

దూది ఉండని మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, లక్కలో ముంచి, పిండి, అడుగున ఒక్క చుక్క అవిసె నూనె. ఆ చుక్క లేకపోతే గుడ్డ పూతకి అంటుకుంటుంది. ఆయన చెయ్యి ముందు గుండ్రంగా తిరిగింది, తర్వాత ఎనిమిది అంకె వేసినట్టు, తర్వాత చెక్క చారల వెంట నిలువుగా. చెయ్యి పలక మీద ఎక్కడా ఆగలేదు. పక్కనుంచి జారుతూ వచ్చి ఆనుతుంది, జారుతూనే వెళ్లిపోతుంది. ఆగితే ఆ చోట కింది పూత కరిగి మచ్చ పడుతుంది. ఒక్కో పూత ఊపిరంత పల్చన. మాట్లాడుతూనే ఉన్నారు కానీ కళ్లు పలక వదల్లేదు.

"ఇప్పుడెవరండి చేయించుకునేది? గన్నుతో కొట్టేస్తే గంటలో అయిపోద్ది. మా అబ్బాయికి నేర్పలేదండి" అన్నారు.

"నాకు నేర్పండి" అన్నాను. మధ్యాహ్నం నుంచి రాతబల్ల పక్క పలక నాకిచ్చారు.

నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పలో ఆ వేడి పోగై తనంతట తానే అంటుకున్న సందర్భాలున్నాయి. తడిపి, తీగ మీద విడివిడిగా ఆరేశాం.

2024 జనవరి 4

తేనె మైనం, టర్పెంటైన్ వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించి ముద్ద చేశాను. నేరుగా మంట మీద పెట్టకూడదు. పల్చగా రాసి, ఆరనిచ్చి, ఉన్ని గుడ్డతో తోమాను. ఇక ఏడాదికి ఒకసారి ఇది చాలు. రోజూ పొడి గుడ్డ. సిలికాన్ కలిసిన స్ప్రేలు వద్దు, అవి పట్టిన చెక్క మీద తర్వాత ఏ పాలిష్షూ నిలవదు.

జనవరి 9

ఎదురింటివాళ్లు ఆకుపచ్చ ఎనామిల్ వేసిన పాత బీరువా ఇస్తామన్నారు. రంగు కింద ఏ చెక్కో తొందర అందరికీ. కానీ పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ల రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించకూడదని మన దేశంలో నిబంధన అమలైంది 2017 నవంబరులోనే. ఉప్పు కాగితంతో పొడిగా అరగదీస్తే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోతుంది. తడిపి, నెమ్మదిగా, ముఖానికి మాస్కుతో, పిల్లలు లేని చోట చేయాలి. వేసవికి వాయిదా.

జనవరి 12

ఎల్లుండి భోగి. కూడలిలో మంటకి సామాను పోగవుతోంది. విరిగిన తలుపు రెక్క, మంచం కోళ్లు, ఒక పడక కుర్చీ. పిల్లల్ని అడిగి కుర్చీ పక్కన పెట్టించాను, బదులుగా ఎండు కొబ్బరి మట్టలు మోపెడు ఇచ్చాను.

భోగి మంట వేయండి. పాతదాన్ని వదిలించుకునే పండగే అది. కానీ చెక్క వస్తువుని అందులో వేసే ముందు ఒక మూల కుంకుడు నురుగుతో తుడిచి చూడండి, అడుగున ఒక చుక్క స్పిరిట్ అద్ది చూడండి. రంగు వేసినదైతే ఎలాగూ మంటలో వేయకండి, ఆ పొగ మంచిది కాదు. మట్టలు, పిడకలు, ఎండు కొమ్మలు మనకి బోలెడున్నాయి. బాగుచేసే ఓపిక మీకు లేకపోతే ఉన్నవాళ్లకి ఇవ్వండి. మీ ఊళ్లో లక్క పాలిష్ వచ్చిన మేస్త్రి ఇంకా ఉంటే ఈ సంక్రాంతికి ఆయనకి ఒక పని చెప్పండి, పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టండి.